ముందు చక్రాలూ వెనక చక్రాలూ

కొండ మీద, పశువుల ఆసుపత్రి వెనక గది

వదినా,

దీన్ని షాపులోనే చదివి, కత్తిరింపు ముక్కల సంచిలో అడుక్కి తోసెయ్. ఇంటికి తీసుకెళ్ళావో, ఇద్దరికీ మూడినట్టే.

జీపు వెనక నుంచి రొద వస్తోంది. మొదట్లో తుమ్మెద తిరిగినట్టుండేది, ఇప్పుడు పిండిమర పక్కన కూర్చున్నట్టుంది. నేనూ కాంపౌండరు గారూ కిందికి దూరి చూశాం. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి డబ్బా ఉంటుంది కదా, రొద అందులోంచే. నూనె వదిలితే ఇనుప రజను మెరుస్తూ దిగింది. ఇది నా చేతిలో పని కాదు, కింద టౌను మెకానిక్కుల చేతిలో పనీ కాదు. అంత పాత బండిని చూస్తే వాళ్ళు నవ్వుతారు. అన్నయ్యే చెయ్యాలి.

చెయ్యాలంటే చెప్పాలి. చెబితే బండి ఎందుకంత అరిగిందని అడుగుతాడు. అన్నయ్య లెక్కలో నేనిప్పుడు టౌను ఆసుపత్రిలో ఫ్యాను కింద కూర్చుని పెంపుడు కుక్కలకి సూదులు వేస్తున్నాను కదా. ఇదే బండి లోయ అంచున బోల్తాపడి నా భుజం విరిగినప్పుడు, ఆ తుక్కుని ఇంటికి లాక్కెళ్ళి, ఏడాదికి పైగా షెడ్డులో కూర్చుని మళ్ళీ బండిని చేశాడు. తాళం నా చేతిలో పెడుతూ ఒక్కటే షరతు పెట్టాడు, కొండ వదిలి టౌనుకి మారాలని. మారాను కూడా. నెల తిరక్కుండానే కాంపౌండరు గారు కిందికి దిగొచ్చి నా గుమ్మంలో నిలబడ్డారు. నా చోటుకి ఎవరూ రాలేదట, పశువులు పోతున్నాయట. వారం రోజుల కోసమని ఎక్కాను. ఆ వారం ఇంకా అవలేదు.

ఆ సంగతి మన ఇంట్లో నీకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే అన్నయ్య ఆ రోజే వచ్చి బండి తోలుకుపోతాడు. బండి లేకపోతే ఈ కొండ మీద నేను ఉన్నా లేనట్టే.

వానలు మొదలయ్యేలోగా ఇరుసు బాగుపడి రావాలి. పాల వ్యాను డ్రైవరు టౌను దాకా దించుతాడు, అక్కణ్ణించి లారీలో వేస్తాను. ఇరుసు సంగతి అన్నయ్య చూసుకుంటాడు, అబద్ధం సంగతి నువ్వు చూసుకో. ఫోను మాత్రం చెయ్యకు. ఇక్కడ సిగ్నలు గాలివాటం, పైగా నువ్వు గుసగుసలాడితే వీధి చివరికి వినపడుతుంది.

నీ మరదలు

*

కుట్టు షాపు, మిషను ముందు

మరదలు పిల్లా,

నీ ఇరుసు చేరింది. నలుగురు మోసుకొచ్చి షెడ్డులో దించారు. మీ అన్నయ్య పంపు హౌసు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా దాని పక్కన చతికిలబడ్డాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా వైపు అంత మురిపెంగా చూసిన గుర్తు లేదు.

మురిపెం అయ్యాక ప్రశ్నలు మొదలయ్యాయి. ఇంత ఎర్రమట్టి ఎక్కడిదన్నాడు. నీళ్ళ పైపుల కోసం టౌనంతా తవ్విపోశారట అన్నాను. తారురోడ్డు మీద తిరిగే బండికి ఇంత అరుగుదల ఏమిటన్నాడు. వయసొచ్చాక మనుషులకి కీళ్ళు అరగవా అన్నాను. నా వైపు చూసి ఊరుకున్నాడు. ఊరుకోవడం చూసి నాకు ధైర్యం ముదిరింది.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను. టౌను నీకు భలే నచ్చిందని, తారు దాటి చక్రం పెట్టడం లేదని, బండి కాస్త వేగంగా పోయేదైతే సెలవు దొరికినప్పుడల్లా ఇంటికొచ్చి పోతానని రాశావని చెప్పాను. నువ్వు రాయలేదు, నాకు తెలుసు. కానీ ఆ మాటకి ఆయన మొహం ఎలా వెలిగిందో చూస్తే నువ్వే రాసి ఉండేదానివి.

వెంటనే తనే వచ్చి బిగిస్తానని లేచాడు. టౌనులో మంచి మెకానిక్కు దొరికాడని, అతను బిగిస్తాడని ఇంకో అబద్ధం అతికించాను. ఒకదానికి ఒకటి అతుకు వేస్తూ పోతున్నాను, ఇక ఏది అసలు గుడ్డో ఏది అతుకో నాకే తెలియడం లేదు. నువ్వు మాత్రం అక్కడ హాయిగా ఆవు తోకలు పట్టుకుని తిరుగు.

వదిన

*

కుట్టు షాపు

మరదలు పిల్లా,

పని అయింది. నిన్న లారీకి వేశాం, ఈ ఉత్తరం వెనకే అదీ చేరుతుంది.

మూత మూసేటప్పుడు మీ అన్నయ్య తనలో తను నవ్వుకోవడం చూశాను. ఎందుకని అడిగితే, రోడ్డెక్కాక దానికే తెలుస్తుందన్నాడు. తర్వాత నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నీకు రాయాల్సిన జాగ్రత్తలు ఒప్పజెప్పాడు. నీకు పనికొచ్చేవి రాస్తున్నాను. నూనె పక్క కన్నంలోంచి కారేదాకా పొయ్యాలి. బోల్టులు వరసగా కాకుండా ఎదురెదురువి బిగించుకుంటూ రావాలి. డబ్బాలో వేసిన కొత్త పళ్ళచక్రాలు ఒకదానికొకటి అలవాటుపడేదాకా మెల్లగా నడపాలి. కొంత దూరం పోయాక ఆపి డబ్బా మీద చెయ్యి పెట్టి చూడాలి, చెయ్యి కాలితే ఇక నడపకూడదు.

ఇంకా ఏవేవో చెప్పాడు, అవన్నీ తారురోడ్డు వాళ్ళకి చెప్పే కబుర్లు. కొండ మీద ఉన్నదానివి, నీకెందుకవి. జాగ్రత్తగా ఉండు. ఈ మాట ఆయన చెప్పింది కాదు, నాది.

వదిన

*

కొండ మీద, గదిలో

వదినా,

ఇరుసు బిగించాం. కాంపౌండరు గారు పశువు కాలు పట్టుకున్నంత ఒద్దికగా ఒక కొస పట్టుకున్నారు, నేను రెండో కొస. మా ఇద్దరికీ నడుములు పోయాయి గానీ బండి లేచింది.

మందుల కోసం టౌనుకి దిగాను. ఏం చెప్పను, బండి ఎగురుతోంది. రొద లేదు. ఇంజను గొంతు కూడా తగ్గింది. వేగం చూపే ముల్లు ఎప్పుడూ ఉండే చోటే ఉంది, కానీ దారిలో లారీలన్నీ వెనకబడిపోతున్నాయి. ముల్లు పాడైందేమో అనుకున్నాను. అన్నయ్య చేతిలో ఏదో ఉంది, నిజంగా.

అయితే ఒక సంగతి నాకు అర్థం కావడం లేదు. కొండ దారి ఎక్కాక పూర్వంలా లాగడం లేదు, ఆయాసపడుతోంది. సరే, కొత్త పళ్ళు కదా అనుకున్నాను. పైన రాళ్ళ దారి వచ్చాక, ముందు చక్రాలు కూడా లాగేలా నాలుగు చక్రాల గేరు వేశాను. కాసేపు బాగానే పోయింది, ఆ తర్వాత ఎవరో వెనకనుంచి తోస్తూ ఇంకొకరు ముందునుంచి ఆపుతున్నట్టు కుదుపులు. స్టీరింగు మొండికేసింది. గేరు తీయబోతే కర్ర రాదే. కాసేపు వెనక్కి నడిపితే అప్పుడు టక్కున వదిలింది. బురదలో ఇంత గొడవ లేదు, గట్టి నేల మీదే ఇదంతా. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ ఏమొచ్చిందో తెలియదు, మొన్నటిదాకా బాగానే కాపురం చేసుకున్నాయి.

బిగించడంలో నేనే ఏదో తప్పు చేశానా? అన్నయ్యని అడుగు. ఎలా అడుగుతావో నీ ఇష్టం. నాలుగు చక్రాల గేరు మాట ఎత్తితే మాత్రం నేను తారు మీద లేనని తెలిసిపోతుంది. వానమబ్బులు వచ్చేశాయి, తొందరగా కనుక్కో.

నీ మరదలు

*

కుట్టు షాపు

మరదలు పిల్లా,

షాపుకొచ్చే ఒకావిడ భర్తకి కూడా పాత జీపు ఉందని కథ అల్లాను. నాలుగు చక్రాల గేరు వేస్తే కుదుపులట, కర్ర ఇరుక్కుపోతోందట అన్నాను. మీ అన్నయ్య చేతిలో ఉన్న పని పక్కన పెట్టేశాడు. ఆయనకి భార్య జ్వరమన్నా ఇంత శ్రద్ధ పుట్టదు.

టైర్లు నాలుగూ ఒక్క సైజువేనా అని అడిగాడు. గాలి సమానంగా ఉందా, రెండు అరిగినవీ రెండు కొత్తవీ వేశాడా అన్నాడు. నాకేం తెలుసు, కనుక్కుని చెబుతానన్నాను. నాలుగు చక్రాల గేరు వేసినప్పుడు ముందూ వెనకా ఒక్క వేగంతో తిరగాలట. ఒకటి చిన్నదైతే అది ఎక్కువ చుట్లు తిరగాలి, తిరగనివ్వకపోతే రెండూ కొట్టుకుంటాయట. రెండు చేతుల పొడవూ వేరేగా కత్తిరిస్తే చొక్కా ఒక పక్కకి లాగుతుంది కదా, అలాంటిదే అనుకున్నాను. అంతవరకే నా బుర్రకి ఎక్కింది.

చచ్చేంత చిక్కేమిటంటే, ఆ బండిని చూస్తానంటున్నాడు. ఆవిడ ఎక్కడుంటుందని అడిగాడు. దూరం అన్నాను. ఎంత దూరం అన్నాడు. బట్టలు కుట్టించుకోవడానికి అంత దూరం నుంచి వస్తుందా అన్నాడు. నా చేతి కుట్టు అలాంటిదని చెప్పి లోపలికి వచ్చేశాను. టైర్లు కొలిచి రాయి.

వదిన

*

కొండ మీద

వదినా,

నీ కొలత టేపుతోనే కొలిచాను, నువ్వు ఇచ్చినదే. నాలుగూ ఒక్కటే. గాలీ సమానమే. చక్రాల దగ్గర గ్రీజు, స్టీరింగు కీళ్ళు, కమాను పట్టీలు అన్నీ చూశాను. ఇరుసు వంకరగా కూర్చుందేమోనని విప్పి మళ్ళీ బిగించాం. ఏమీ తేడా లేదు. ఇంతకంటే ఏం చూడాలో నాకు తోచడం లేదు. రోగం నోరు తెరిచి చెప్పదని పశువుల మీద విసుక్కునేదాన్ని, వాటికి కనీసం కళ్ళుంటాయి.

ఇంకోటి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఇది నీకు మాత్రమే. వానలు పట్టుకున్నాయి. పై ఇళ్ళ దగ్గర ఆవు ఈనలేకపోతోందని కబురొస్తే బయలుదేరాను. బండరాతి మలుపు ఉంది చూడు, ఎడమ పక్క లోయ. తడిసి ఉందని నాలుగు చక్రాల గేరులోనే పోతున్నాను. స్టీరింగు తిప్పాను. చక్రాలు తిరిగాయి, నేను చూస్తూనే ఉన్నాను, కానీ బండి తిరగలేదు. వెనక చక్రాలు తోస్తుంటే ముందువి పక్కకి తిరిగి కూడా తిన్నగా జారుకుంటూ పోయాయి. బ్రేకు తొక్కాను, అంచున పాతిన గట్టు రాయికి తగిలి ఆగింది. దిగి చూసుకుని అక్కడే కూర్చుండిపోయాను. తర్వాత సంచి భుజాన వేసుకుని నడిచి వెళ్ళాను. వెళ్ళేసరికి ఆలస్యమైంది. దూడ పోయింది, ఆవు దక్కింది.

విరిగిన భుజం ఇంకా వాన పడితే సలుపుతుంది. అన్నయ్య భయం నాకు అర్థం కాక కాదు. కానీ ఆ ఇంటి ముసలాయన చచ్చిన దూడ పక్కన కూర్చుని నన్నొక్క మాట కూడా అనలేదు వదినా. తిట్టినా బాగుండేది. ఎలాగైనా కనుక్కో.

నీ మరదలు

*

కుట్టు షాపు

పిల్లా,

నీ ఉత్తరం చదివాక కత్తెర గీత దాటి పోయింది. ఒక చొక్కా పాడుచేశాను, పోనీలే.

ఆ రోజే మీ అన్నయ్యని అడిగాను. టైర్లు సమానమేనట, ఇంకేమై ఉంటుంది అన్నాను. చేతులు తుడుచుకుని లేచాడు. తర్వాత చాక్‌పీసు తెచ్చి, షెడ్డులో పడి ఉన్న చక్రం మీద గీత గీసి చూపించాడు. ఒక పక్క ముందు చక్రం, వెనక చక్రం రెండూ జాకీ మీద లేపాలట. ఇంజను ఆపి, పెద్ద గేరు న్యూట్రల్‌లో పెట్టి, నాలుగు చక్రాల గేరు మాత్రం వెయ్యాలట. రెండు చక్రాల మీదా పైన గీత గీయాలి. వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే ముందుది కూడా తిరుగుతుంది. ఒక చుట్టు అయ్యాక రెండు గీతలూ మళ్ళీ పైకి రావాలి. రాకపోతే టైర్లది కాదు తప్పు, ఇరుసుల లోపల పళ్ళదే. ముందొక రకం, వెనకొక రకం పడ్డాయన్నమాట.

చాక్‌పీసు ముక్క పక్కన పెట్టి, "ఎవరి బండే అది?" అన్నాడు. చెప్పాను కదా ఆవిడ భర్తదని అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆయన అడక్కపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉంది. నువ్వు ఆ పరీక్ష చేసి వెంటనే రాయి. అప్పటిదాకా ఆ మలుపు వైపు పోకు.

వదిన

*

కొండ మీద

వదినా,

చేశాం. ముందు చక్రం ఒక చుట్టు తిరిగి గీత పైకి వచ్చేసరికి, వెనకది ఒక చుట్టు దాటి ఇంకో పావు చుట్టు వెళ్ళిపోయింది. నమ్మలేక మళ్ళీ తిప్పాం. మళ్ళీ అంతే.

ముందు ఇరుసు నేను ముట్టుకోలేదు, అది మొదటినుంచీ ఉన్నదే. అంటే వెనకదాన్లో వేరే పళ్ళు పడ్డాయి. వేసింది అన్నయ్య. అన్నయ్య ఇలాంటి పొరపాటు చేస్తాడంటే నేను నమ్మను. కళ్ళు మూసుకుని పళ్ళు తడిమి ఏ బండివో చెప్పేవాడు. ఒంట్లో బాగుందా ఆయనకి? చూపు తగ్గిందా? నా నుంచి నువ్వేమైనా దాస్తున్నావా?

బండిని ఆసుపత్రి వెనక పెట్టేశాను. నడిచే తిరుగుతున్నాను. దగ్గర ఇళ్ళకి వెళ్ళగలుగుతున్నాను, పై ఇళ్ళవాళ్ళు కబురు పంపడమే మానేశారు. నేను రాలేనని వాళ్ళే అనుకున్నట్టున్నారు. బురదలో తడిసి గదికొచ్చి కూర్చుంటే, అన్నయ్యకి ఏమైందోనన్న దిగులు ఒకటి, ఈ మనుషులకి ఏం చెప్పాలన్న దిగులు ఇంకొకటి. దేనికి ముందు ఏడవాలో తెలియడం లేదు.

నీ మరదలు

*

ఇంటి నుంచి

పిల్లా,

నీకిచ్చిన మాట తప్పాను. నీ ఉత్తరం ఇంటికి తీసుకెళ్ళి మీ అన్నయ్య చేతిలో పెట్టాను.

ఆయనకి ఒంట్లోనూ చూపులోనూ ఏమీ లేదు. ఆ పళ్ళు కావాలనే వేశాడు. నువ్వు తారు మీదే తిరుగుతున్నావని, వేగం ఉంటే తరచూ ఇంటికి వస్తావని నేను చెప్పానే, ఆ మాట పట్టుకుని, ఎక్కడెక్కడో వెతికి వేగంగా పోయే పళ్ళు సంపాదించి వెనక వేశాడు. ఆ నవ్వు అందుకే నవ్వుకున్నాడు. ముందు ఇరుసుకి అలాంటి జత దొరకలేదు. తారు మీద ముందు చక్రాలకి పని లేదు కాబట్టి, ముందు చక్రాలని తిప్పే షాఫ్టు విప్పి పక్కన పెట్టేయమని, ఇక నాలుగు చక్రాల గేరు వెయ్యొద్దని నీకు రాయమన్నాడు. ఆ జాగ్రత్తల్లో అది మొదటిది. నేను రాయలేదు. కొండ మీద ఉన్నదానికి ముందు చక్రాలు లేకపోతే ఎలా అని, నాకేదో తెలిసినట్టు, ఆ ఒక్క ముక్కా మింగేశాను.

ఉత్తరం చదివి ఆయన టైరు మీద కూర్చుండిపోయాడు. "షాఫ్టు విప్పమని రాశావా?" అని అడిగాడు. రాయలేదన్నాను. అన్నీ చెప్పాను, మొదటినుంచీ. కాంపౌండరు గారు రావడం, వారమని నువ్వు ఎక్కడం, నేను వేసిన అతుకులు, ఆ మలుపు దగ్గర జరిగింది అన్నీ. కేకలు వేస్తాడనుకున్నాను. ఆయన చేతుల వంక చూసుకుని, "అయితే ఈసారి లోయ దాకా దాన్ని నేనే తోశానన్నమాట" అన్నాడు. అంతే. నేను ఏడుస్తుంటే లేచి ముఖం కడుక్కురమ్మన్నాడు.

ఈ పొద్దున పంపు హౌసులో సెలవు చెప్పి, ఒక గోనెసంచి, లాగుడు తాడు తీసుకుని బయలుదేరాడు. సంచి బరువుగా ఉంది. అటక మీద ముందు ఇరుసుతో కలిసే నెమ్మది పళ్ళ జత ఒకటి ఉండాలి, అది తీసుకెళ్ళాడో లేదో నాకు పోల్చుకోవడం రాదు. లాగుడు తాడు మాత్రం కళ్ళారా చూశాను. బండిని బాగుచెయ్యడానికి వస్తున్నాడో, ఇంటికి లాక్కురావడానికి వస్తున్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయనకీ తెలుసో లేదో. ఈ ఉత్తరం ఆయన తర్వాతే నీకు అందుతుందేమో, అయినా రాయకుండా ఉండలేక రాస్తున్నాను. నన్ను తిట్టుకో, కానీ మాట్లాడటం మానెయ్యకు.

వదిన

*

కొండ మీద

వదినా,

నిన్ను తిట్టను. అబద్ధం చెప్పమన్నది నేను. నువ్వు చెప్పిందల్లా నా బదులే.

అన్నయ్య పాల వ్యానులో దిగాడు. గుమ్మంలో సంచి పెట్టి, నన్ను కింద నుంచి పైదాకా చూసి, భుజం ఎలా ఉందన్నాడు. బాగుందన్నాను. వెనక్కి వెళ్ళి బండి చుట్టూ తిరిగాడు. గట్టు రాయికి తగిలిన చోట రేకు లోపలికి పోయింది, అక్కడ చాలాసేపు చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తాడు తీసి ముందు కొక్కేనికి కట్టాడు. వద్దని చెప్పే మొహం నాకు లేదు కదా, చూస్తూ ఊరుకున్నాను. మర్నాడు పాల వ్యాను డబ్బాలు దించి ఖాళీ అయ్యాక దాంతో లాగిస్తానని డ్రైవరుకి చెప్పాడు.

మర్నాడు తెల్లవారగానే పై ఇళ్ళ నుంచి ఒకావిడ నడిచొచ్చింది. వాళ్ళ ఇంకో ఆవు రాత్రి నుంచీ నొప్పులు పడుతోందట. దూడ పోయిన ముసలాయన కోడలే. నేను రాగలనని ఆవిడకి నమ్మకం లేదు, అడగడం తన వంతని వచ్చిందంతే. నేను సంచి సర్దుకుంటుంటే అన్నయ్య దాన్ని నా చేతిలోంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. ముగ్గురం నడిచాం. ఆ మలుపు దగ్గర అన్నయ్య ఆగి కిందికి చూశాడు, మళ్ళీ నడిచాడు. ఆయనకి ఆయాసం, మోకాళ్ళ నొప్పి. దూడ అడ్డం తిరిగి ఉంది. చీకటి కొట్టంలో నేను మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పుతుంటే అన్నయ్య దీపం పట్టుకున్నాడు, చెయ్యి వణుకుతోంది, అయినా పట్టుకున్నాడు. ఈసారి దూడ బతికింది. ముసలాయన అన్నయ్యని కూడా డాక్టరే అనుకుని దండం పెట్టాడు, అన్నయ్యకి ఎటు చూడాలో తెలియలేదు.

తిరిగొచ్చేసరికి వ్యాను సిద్ధంగా ఉంది. అన్నయ్య డ్రైవరుని వెళ్ళిపొమ్మన్నాడు. తాడు విప్పి చుట్ట చుట్టి, గోనెసంచి విప్పాడు. నెమ్మది పళ్ళ జత అందులోనే ఉంది వదినా. తాడూ తెచ్చాడు, పళ్ళూ తెచ్చాడు. ఏది వాడాలో ఇక్కడికొచ్చేదాకా ఆయనకే తెలియదట.

రెండు రోజులు పట్టింది. గీతలు గీసి నా చేత్తోనే తిప్పించాడు, రెండూ ఒక్కసారి పైకి వచ్చాయి. నన్ను నడపమని పక్కన కూర్చున్నాడు. మలుపు దగ్గర కళ్ళు మూసుకున్నాడు, నేను చూశాను. వ్యాను ఎక్కేముందు అన్నాడు: "నాకు భయం పోలేదు. పోదు కూడా. కానీ నువ్వు ఎక్కడ తిరుగుతున్నావో తెలియకపోతే నేను బండి బాగుచెయ్యలేను. ఇకమీదట ఉత్తరాలు నాకు రాయి. జరిగింది జరిగినట్టు రాయి."

నీ మరదలు

*

కొండ మీద

అన్నయ్యా,

జరిగింది జరిగినట్టు రాయమన్నావు. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. అంతా క్షేమం అని రాయడం ఎంత అలవాటైపోయిందో ఇప్పుడు తెలుస్తోంది.

నిన్న వాగు అవతలి ఇళ్ళకి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు నీళ్ళు చక్రాల సగం దాకా ఉన్నాయి. సాయంత్రం తిరిగొచ్చేసరికి పెరిగాయి. ఆగి ఉండాల్సింది. ఇంకో ఇంట్లో గొర్రెలు చూడాలన్న తొందరలో దింపాను. మధ్యలో నీళ్ళు తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చి నా పాదాలు మునిగాయి. బండి పక్కకి కదిలింది. చక్రాలు తిరుగుతున్నాయో లేదో కూడా తెలియలేదు. నాకు భయం వేసింది అన్నయ్యా. మామూలు భయం కాదు. నువ్వు దీపం పట్టుకున్నప్పుడు నీ చెయ్యి ఎలా వణికిందో నా కాళ్ళు అలా వణికాయి. తర్వాత నాలుగు చక్రాలూ ఒక్కసారి నేలని పట్టుకున్నాయి, గట్టెక్కాను.

గట్టెక్కాక బ్రేకు తొక్కితే పడలేదు. చాలా దూరం పోయాక ఆగింది. గొర్రెలకి మందు వేసి, వేరే దారిన ఇంటికొచ్చాను. ఇంతవరకు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇది చదివితే నీకు నిద్ర పట్టదని తెలుసు. తెలిసే పంపుతున్నాను.

చెల్లెలు

*

షెడ్డు నుంచి

చెల్లికి,

ఉత్తరం చేరింది. నిద్ర పట్టలేదు.

బ్రేకు డ్రమ్ముల్లోకి నీళ్ళు పోయాయి. నాలుగూ విప్పి తుడిచి ఆరబెట్టు. రెండు ఇరుసుల్లోనూ నూనె కొంచెం వదిలి చూడు, పాల రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టు, మొత్తం మార్చు. చక్రాల దగ్గర పాత గ్రీజు తీసి కొత్తది పెట్టు. వాగు దాటిన ప్రతిసారీ, గట్టెక్కగానే కొంత దూరం బ్రేకు మీద కాలు ఆనించి నడుపు, ఆరుతుంది. తలుపు సందులకి రబ్బరు పట్టీ కత్తిరించి పంపుతున్నాను, మీ వదిన కొలత చూసింది.

ఇంకోసారి నీళ్ళు చక్రం సగం దాటితే ఆగు. ఆగలేకపోతే, ఆగలేదని రాయి.

అన్నయ్య